మోకాళ్ల దాకా మిగిలిన డచెస్ గారికి

ఇంగ్లండులోని డెవన్‌షైర్ డచెస్ (డ్యూక్ గారి భార్య) శ్రీమతి జార్జియానా గారి తైలవర్ణ పటానికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మోకాళ్ల కింద ఏమీ లేని మనిషిని కుశలమా అని అడగడం బాగుండదని ఆగాను.

1785 ప్రాంతంలో చిత్రకారుడు గెయిన్స్‌బరో గారు మిమ్మల్ని నిలువెత్తున గీశారు. బండిచక్రమంత టోపీ, దాని మీద ఈకలు, చేతిలో గులాబీ మొగ్గ, ఆ ఓరచూపు. తర్వాత మీరు ఇల్లు వదిలి ఎటు పోయారో గానీ, 1830ల్లో ఓ బడిపంతులమ్మ ఇంట్లో తేలారు. ఆవిడ ఇంట్లో చలిమంట పొయ్యి పైన గోడ కాస్త ఖాళీగా ఉంది. మీరేమో ఆ ఖాళీకి పొడుగయ్యారు. గోడను పెంచలేం కదా, మిమ్మల్నే కత్తిరించారు. కోసిన ముక్క ఆ పొయ్యిలోకే పోయిందంటారు.

ఆవిణ్ణి ఏమనడానికీ నాకు నోరు లేదు లెండి. మా నాయనమ్మ ఫోటో కూడా ఓ పెళ్లి గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించిందే. దండ వేసినప్పుడల్లా పక్కన ఎవరిదో సగం భుజం ఆవిణ్ణి ఆనుకునే ఉంటుంది.

ఆ పంతులమ్మ 1841లో మిమ్మల్ని 56 పౌన్లకు అమ్మేసింది. 1876లో లండన్ క్రిస్టీస్ వేలంలో బొమ్మల వ్యాపారి అగ్న్యూ గారు 10,000 గినీలకు పైగా పాడారు. గినీ అంటే పౌను మీద ఇంకో షిల్లింగు. మేం చదివింపుల్లో నూటపదహార్లు రాయించినట్టన్నమాట, పెద్దింటివాళ్ల లెక్క అలాగే ఉంటుంది.

మూడు వారాలు తిరక్కుండానే ఆడమ్ వర్త్ అనే దొంగ రాత్రిపూట కిటికీలోంచి దూరి మిమ్మల్ని చట్రంలోంచి కోసుకుపోయాడు. వాడికి కళ మీద ప్రేమేం లేదు. జైల్లో ఉన్న తమ్ముణ్ణి బెయిలు మీద తెచ్చుకోవాలి, మిమ్మల్ని అడ్డం పెట్టి బేరం ఆడాలి. తీరా చూస్తే తమ్ముడు వేరే దారిలో బయటికొచ్చేశాడు. సరుకు చేతిలో మిగిలిపోయింది. అమ్మితే పట్టుబడతాడు, పారేయడానికి మనసొప్పదు. అలా పాతికేళ్లు, దొంగ అడుగున్న పెట్టెలో! మామూలు సంసారాలే అన్నేళ్లు నిలబడవండీ. వాడూ కత్తి పెట్టాడు నిజమే, కానీ చట్రం అంచు వరకే. పంతులమ్మ కన్నా దొంగే నయం.

1901లో పింకర్టన్ డిటెక్టివ్‌ల ద్వారా బేరం కుదిరి, షికాగోలో మిమ్మల్ని అగ్న్యూల అబ్బాయికి అప్పగించారు. వెంటనే అమెరికా బ్యాంకరు జె.పి. మోర్గాన్ కొనుక్కున్నాడు. ఎంత పోశాడో చెబితే పిచ్చాసుపత్రిలో వేస్తారన్నాడట. మా ఊళ్లో సైట్లు కొన్నవాళ్లూ ఇదే మాటంటారు, కాకపోతే రేటు కూడా చెప్పేస్తారు.

ఇంతమంది ఎగబడ్డారు కదా, మీరు బతికుండగా మర్యాద ఏమైనా దక్కిందా అంటే అదీ లేదు. 1784 వెస్ట్‌మినిస్టర్ ఎన్నికల్లో రాజకీయ నాయకుడు ఫాక్స్ గారి కోసం వీధుల్లో తిరిగి ఓట్లడిగారు. కసాయివాడికి ముద్దిచ్చి ఓటు కొన్నారని కార్టూన్లు వేశారు. మా దగ్గర ఓటుకి నోటూ, దాని మీద క్వార్టరూ ఇస్తారు. ఇచ్చినవాడి పేరు మాత్రం శిలాఫలకం మీదకెక్కుతుంది. అక్కడ గెలిచిందేమో ఫాక్స్ గారు, పరువు పోయింది మీది. మీ టోపీ ఒక్కటే బాగుపడింది. దానికి గెయిన్స్‌బరో పేరు పెట్టి ఊరూరా ఆడవాళ్లు పెట్టుకున్నారు. పెట్టుకున్న తల మీదైతే, పేరు గీసినాయనదా!

చివరికి 1994లో పదకొండో డెవన్‌షైర్ డ్యూక్ గారు సోత్‌బీస్ వేలంలో 4 లక్షల డాలర్ల పైచిలుకు పెట్టి మిమ్మల్ని తమ వంశపు భవంతి చాట్స్‌వర్త్ చేర్చారు. ఇంటి కోడల్ని ఇంటివాళ్లే వేలంలో పాడుకోవడం నేనెక్కడా వినలేదు. పుట్టింటివాళ్లకి కబురైనా వెళ్లిందో లేదో.

చిన్న సందేహం, తీరికైతే జవాబు రాయండి. అంత టోపీ కిందికి కాళ్లకి ఏం తొడిగారు? గెయిన్స్‌బరో గారు వాటికీ అన్ని రోజులు కష్టపడే ఉంటారు.

ఇట్లు,
మీ మోకాళ్ల దగ్గరే ఆగిపోయిన ఓ అభిమాని