ఎథిక్స్ ప్రశ్నలు బట్టీకి లొంగవు

విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసుకు రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో ఎథిక్స్ (వైద్య నీతి) ప్రశ్నలను చివరి వారంలో బట్టీ పడితే చాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 300 ప్రశ్నల్లో 150 రావాలి, నెగెటివ్ మార్కులు లేవు, అంతవరకూ సరే. కానీ పాసయ్యాక వరంగల్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తుండగా నర్సంపేట నుంచి వచ్చిన ఒకాయన, బయాప్సీ రిపోర్టు నాలుగు మడతలు పెట్టి పట్టుకుని, "బాపుకు చెప్పకుండ్రి సార్, సంతకం నేను పెడ్త" అన్నాడు. బాపు పక్క బెడ్డు మీదే, పూర్తి తెలివితో మమ్మల్నే చూస్తున్నాడు. పరీక్షలో ఇలాంటి ప్రశ్నకు ఆప్షన్లలో "బంధువుల సమ్మతి" కనబడితే మనవాళ్లు చాలామంది అదే టిక్ పెడతారు, మన ఇళ్లల్లో జరిగేది అదే కాబట్టి. ప్రాణాపాయం లేనప్పుడు, నిర్ణయించుకోగల మేజర్ పేషెంటు తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చెప్పింది. ఆ రోజు మా సీనియర్ స్టూలు లాక్కుని బాపు పక్కన కూర్చుని, "మీకు ఏమేం తెలుసుకోవాలని ఉంది పెద్దాయనా?" అని మెల్లగా అడిగారు.