బటన్ ఉన్నంత మాత్రాన డేటా మనదైపోదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. ఈసారి పంపింది మా మేనత్త కొడుకు. "ఫోటోలు, రాతలు అన్నీ యాప్‌లో పెట్టేయండి, శాశ్వతంగా ఉంటాయి. డౌన్‌లోడ్ బటన్ ఉంది కాబట్టి డేటా మీదే. ఇప్పుడు చట్టం కూడా వచ్చింది. సొంత సైట్లు పాతకాలం. ఓపెన్ స్టాండర్డ్స్ ఇంజనీర్ల గోల, మనకెందుకు?" ఇదీ దాని సారాంశం. (ఓపెన్ స్టాండర్డ్స్ అంటే ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా వాడుకోగలిగే ఉమ్మడి పద్ధతులు.) పదిమందికి పంపమని కూడా ఉంది. బావా, దయచేసి పంపకు.

శాశ్వతమట. మనం ఫోటోలు, రాతలు పెట్టుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్‌లో మూతపడ్డాయి. ఇంకేం చెప్పాలి?

సొంత సైట్లు పాతకాలమా? ఈమెయిల్ అంతకంటే పాతది. అది ఓపెన్ స్టాండర్డ్ కాబట్టి ఏ కంపెనీ ఖాతా నుంచి ఏ కంపెనీ ఖాతాకైనా ఇప్పటికీ వెళ్తోంది.

చట్టం సంగతి. 2011 జనవరి నుంచి దేశమంతా నంబర్ మార్చకుండా ఫోన్ కంపెనీ మార్చుకుంటున్నాం. డేటాకు కూడా అలాంటి హక్కు 2019 డేటా రక్షణ బిల్లులో ఉండేది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో అది లేదు. సరిదిద్దమని అడిగే హక్కు, తీసేయమని అడిగే హక్కు అందులో ఉన్నాయి. మూట కట్టుకుని ఇంకోచోటికి పోతానంటే మాత్రం ఈ చట్టం ఆ హక్కు ఇవ్వదు.

నాకు ఒళ్ళు మండేది "ఇంజనీర్ల గోల" అన్న మాటకే. మా నాన్న ఇంజనీరు కాదు, పల్లెలో ఆర్‌ఎంపీ. వంటింటి వైద్యం మీద ఏళ్ళ తరబడి రాసిన వ్యాసాలను 2004లో డీటీపీ షాపులో టైపు చేయించారు. షాపువాళ్ళు పేజ్‌మేకర్ (పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు సీడీలో ఇచ్చారు. ఆయన పోయాక ఆ సీడీ తెరిచాను. "శొంఠి" అని ఉండాల్సిన చోట రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక డాలర్ గుర్తు, తలకిందులైన ప్రశ్నార్థకం. పేజీలకు పేజీలు అంతే. ఆ ఫాంట్ చేసినవాళ్ళు తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంట్ ఉంటేనే అది తెలుగు, లేకపోతే చెత్త. షాపు ఎప్పుడో మూసేశారు. అమ్మ దాచిన ప్రింటు కాగితాలు ముందు పెట్టుకుని రెండు నెలలు మళ్ళీ టైపు చేశాను. పదిహేడు పేజీల కాగితాలు దొరకలేదు. అవి ఇక లేవు.

ఆ సీడీని ఎవరూ లాక్కోలేదు. మా బీరువాలోనే ఉంది. అయినా అది మాది కాకుండా పోయింది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే ఉమ్మడి సంఖ్యలిచ్చే స్టాండర్డ్ యూనికోడ్. తెలుగుకు అందులో చోటు 1991లో, మొదటి వెర్షన్‌లోనే దొరికింది. అందులో టైపు చేయించి ఉంటే ఈరోజు ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునేది. స్టాండర్డ్ అంటే మా ఇంటికి సంబంధించినంతవరకు ఆ పదిహేడు పేజీలు.

ఇక డౌన్‌లోడ్ బటన్. ఇక్కడ ఒక మాట ఒప్పుకుంటాను. మన డేటాను దించుకోనిచ్చేలా గూగుల్ 2011లో తెచ్చిన టేక్‌అవుట్ నిజంగా మంచి పని. నా మెయిళ్ళు, కాంటాక్టులు, క్యాలెండర్ అన్నీ దించుకుని వేరేచోట పెట్టుకున్నాను, ఒక్కటీ పోలేదు. కానీ ఎందుకు పోలేదు? మెయిళ్ళు ఎంబాక్స్‌లో, కాంటాక్టులు వీకార్డ్‌లో, క్యాలెండర్ ఐక్యాలెండర్‌లో వచ్చాయి కాబట్టి. ఎవరి సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగే పద్ధతులవి. బటన్ ఘనత కాదు, ఆ గోల ఘనత!

అదే ఫేస్‌బుక్ నుంచి దించుకో. స్నేహితుల పేర్ల జాబితా వస్తుంది, వాళ్ళతో మాట్లాడే దారి రాదు. యాక్టివిటీపబ్ అని, వేర్వేరు సోషల్ సైట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది; వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యు3సి దాన్ని 2018లో ఆమోదించింది. దాని మీద నడిచే మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో సర్వర్ మారితే ఫాలోయర్లు మన వెంట వస్తారు. పాత పోస్టులు రావు, అది లోటే. అయినా మనుషుల్ని వదులుకోనక్కర్లేదు.

బావా, మీ అమ్మాయి పెళ్ళి ఫోటోలు ఆ ఒక్క యాప్‌లోనే ఉన్నాయని అక్క చెప్పింది. ఆదివారం హార్డ్ డిస్క్ తీసుకుని వస్తాను. జేపీజీలుగా దించి, ఒక కాపీ మీ ఇంట్లో, ఒకటి మా ఇంట్లో పెడదాం. వైఫై పాస్‌వర్డ్ రాసి ఉంచు.