నూతన అధ్యక్షులవారికి సేవా సూచనలు

జూలై 1న తమరి మెడలో అధ్యక్షుడి గొలుసు పడింది. అభినందనలు. వచ్చే జూన్ 30న దాన్ని తీసి ఇంకొకరి మెడలో వెయ్యాలి. ఈలోగా సమాజాన్ని ఉద్ధరించాలి. అంతర్జాతీయ వ్యాపార సంఘాల్లో సేవ ఎలా జరుగుతుందో కొత్తవారికి ఎవరూ విడమరిచి చెప్పరు. పాత అధ్యక్షుడు ఒక ఫైలు అప్పజెబుతాడు గానీ, తీసి చూస్తే అందులో ఫొటోలే ఉంటాయి. అందుకని ఈ నాలుగు మాటలు.

ముందుగా మన వంశ చరిత్ర. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ఒక బొగ్గు వ్యాపారినీ, ఒక మైనింగ్ ఇంజినీరునూ, ఒక దర్జీనీ కూర్చోబెట్టుకుని రోటరీ క్లబ్బు పెట్టాడు. మొదట్లో లోకకల్యాణం ఊసే లేదు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకుని, ఒకరి బేరం ఇంకొకరికి తిప్పడమే పని. 1915లో డెట్రాయిట్‌లో పుట్టిన కివానిస్‌దీ అదే దారి. 1917లో లయన్స్‌కు ఊపిరిపోసిన మెల్విన్ జోన్స్ ఇన్సూరెన్సు వ్యాపారి. ఆయనా షికాగోలోని అలాంటి వ్యాపార బృందం నుంచే వచ్చాడు. 1985లో బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) వచ్చి ఆ పాత పద్ధతినే దాపరికం లేకుండా మళ్ళీ తెరిచింది. వారానికోసారి పొద్దున్నే కలవడం, ఎవరు ఎవరికి ఎన్ని రిఫరల్స్ (తిప్పిన బేరాలు) ఇచ్చారో లెక్క రాయడం, అంతే. తర్వాత దానికీ ఒక సేవా ఫౌండేషన్ వచ్చింది. లాభం కోసం కలిసినవాళ్ళు సేవలోకి దిగడంలో తప్పేమీ లేదు. లాభం లెక్క రోజూ చూసుకుని, సేవ లెక్క ఏడాదికోసారి ఫొటోలో చూసుకోవడమే మన ప్రత్యేకత.

రోటరీ మొట్టమొదటి ప్రజాసేవ ఏమిటో గుర్తుందా? 1907లో షికాగో సిటీ హాలు దగ్గర పబ్లిక్ మరుగుదొడ్ల కోసం పట్టుబట్టడం. సారా దుకాణాలవాళ్ళూ పెద్ద బట్టల షాపులవాళ్ళూ అడ్డం తిరిగారు. మా దగ్గర ఆ సదుపాయం ఉంది కదా అన్నారు. నిజమే, దానికోసం లోపలికి వచ్చినవాడు ఏదో ఒకటి కొనకుండా బయటికి పోడు. మన బస్టాండ్లలో ఆ ప్రాజెక్టుకు ఇప్పటికీ కాలం చెల్లలేదు. కాకపోతే మరుగుదొడ్డి ముందు గ్రూప్ ఫొటో అంటే సభ్యులు మొహమాటపడతారు.

ఇక ప్రాజెక్టు ఎంపిక. రిబ్బను కట్టడానికి వీలుండాలన్నది మొదటి నియమం. ఊళ్ళోకి వెళ్ళి ఏం కావాలని అడిగితే, గేటువాల్వు దగ్గర లీకు బాగుచేయించండి, రెండు వీధులకు నీళ్ళు ఎక్కట్లేదు అంటారు. గేటువాల్వుకు రిబ్బను కట్టలేం. పైగా అది గుంటలో ఉంటుంది, ముఖ్య అతిథి అందులోకి దిగలేడు. ఇంకో చిక్కు కూడా ఉంది. రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంటుకు వెళ్ళాలంటే ప్రాజెక్టు బడ్జెట్టు కనీసం 30,000 డాలర్లు ఉండాలి. అంటే పాతిక లక్షల పైమాటే. అవసరం అంతకన్నా చిన్నదైతే దాన్ని ఉబ్బించాలి, లేదంటే పది ఊళ్ళ అవసరాలను కలిపి ఒకే అవసరం చెయ్యాలి. చేసేది ఒక దేశపు క్లబ్బు, తోడు నిలిచేది ఇంకో దేశపు క్లబ్బు. పల్నాటి పల్లెకు ఏం కావాలో ఒహాయోలో ఉన్నవాళ్ళు కూడా ఒప్పుకోవాలన్నమాట. ముందుగా అవసరాల అంచనా జరగాలని నిబంధన స్పష్టంగానే చెబుతుంది. మనం ప్లాంటు కొటేషన్ తెప్పించుకున్నాక ఆ అంచనా వేస్తాం. రెండూ అచ్చంగా సరిపోతాయి.

నిధుల సంగతిలో ఒక సున్నితమైన విషయం ఉంది. ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చిన విరాళాన్ని మూడేళ్ళు పెట్టుబడిలో ఉంచి, ఆ తర్వాతే ఖర్చుకు వదులుతారు. కాబట్టి తమరు చెమటోడ్చి వసూలు చేసినదాన్ని తమరి తర్వాత మూడో అధ్యక్షుడు ఖర్చుపెడతాడు, శిలాఫలకం మీద పేరు కూడా ఆయనదే. బాధపడకండి, తమరు ఖర్చుపెట్టేదీ ఇంకెవరో వసూలు చేసిందే. వెయ్యి డాలర్లిస్తే పాల్ హారిస్ ఫెలో గుర్తింపు, కోటుకు పిన్ను వస్తాయి. ఇంకొకరి గౌరవార్థం కూడా ఇవ్వొచ్చు. తమరి పెద్ద క్లయింటు కోటు ఖాళీగా ఉందేమో చూసుకోండి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువు నేరుగా క్లబ్బు అకౌంటుకు డబ్బు కొడతానంటే మాత్రం వద్దనండి. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకైనా ఆ సొమ్ము ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే దిగాలి. దాన్ని ఇంకో సంస్థకు మళ్ళించడానికి వీల్లేదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నెట్‌వర్తో ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సేవకు పెట్టాలి. మన సభ్యుల్లో అలాంటి కంపెనీ డైరెక్టరు ఒకరైనా ఉంటారు. షేర్‌హోల్డర్ల సొమ్ము, కంపెనీ చెక్కు, శాలువా మాత్రం డైరెక్టరుగారికి. అత్త సొమ్ము అల్లుడి దానం అన్న సామెతకు చట్టబద్ధత వచ్చింది ఇక్కడే. ఇంకో వెసులుబాటు చూడండి. ఫలితాలు ఎలా ఉన్నాయో బయటివాళ్ళతో మదింపు చేయించాల్సింది సీఎస్ఆర్ బాధ్యత సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలే, అదీ కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టులకే. మన పాతిక లక్షల ప్లాంటును వెనక్కి తిరిగి చూడమని ఏ చట్టమూ అడగదు.

ఎలాగూ తమరు పెట్టబోయేది ఆర్‌ఓ ప్లాంటే కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం. మామూలుగా పల్లెకు ఇచ్చేది గంటకు వెయ్యి లీటర్లది. బోరు నీళ్ళు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, ఆపైన 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి దాటాక, హైప్రెషర్ పంపు వాటిని ఉప్పును వడగట్టే నాలుగు మెంబ్రేన్ల గుండా తోస్తుంది. మెంబ్రేన్లకు పొరలు కట్టకుండా మధ్యలో యాంటీస్కేలెంట్ మందు చుక్కలుగా పడాలి. ప్రారంభోత్సవం నాడు అన్నీ పడతాయి.

తర్వాత కథంతా ఆ కార్ట్రిడ్జి చుట్టూ తిరుగుతుంది. నూలు కండెలా తెల్లగా ఉంటుంది, ధర వందల్లోనే. నీళ్ళ తీరునుబట్టి నెలకో రెండు నెలలకో మార్చాలి. ఇటుక రంగుకు తిరిగినా మార్చకపోతే ఒండ్రు మెంబ్రేన్ల మీదికి పోతుంది. గేజీలో ప్రెషర్ ఎక్కుతుంది, కుళాయిలో ధార సన్నబడుతుంది. ఆపరేటరు తెలివైనవాడు, ఉప్పునీళ్ళు బయటికి పోయే రిజెక్టు వాల్వు కాస్త బిగిస్తాడు. మంచినీళ్ళు మళ్ళీ దండిగా వస్తాయి, ఊరంతా మెచ్చుకుంటుంది. బయటికి పోవాల్సిన ఉప్పు లోపలే పేరుకుని, కొన్ని వారాల్లో మెంబ్రేన్లు మూసుకుపోతాయి. ఒక్కో మెంబ్రేను పదివేల పైచిలుకు, అలాంటివి నాలుగు. కార్ట్రిడ్జికి డబ్బులెవరివ్వాలో తేలనందుకు ఊరు చెల్లించే ధర అది.

డబ్బులెందుకు ఉండవంటారా? రోజుకు 20 లీటర్ల క్యాన్లు వంద పోతాయనుకుందాం. క్యాను 5 రూపాయలైతే నెలకు 15,000. ఆపరేటరుకు 8,000, కరెంటుకు 2,000, మందులకూ కార్ట్రిడ్జిలకూ 1,500 పోతే 3,500 మిగులుతుంది. దాన్ని విడిగా బ్యాంకు ఖాతాలో వేస్తే ఏడాదికి 42,000. రెండు మూడేళ్ళకు మెంబ్రేన్లు మార్చే రోజు వచ్చేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. లెక్క చక్కగా కుదిరింది. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి వేదిక మీద ఉత్సాహం పట్టలేక, "ఈ ఊరి ఆడపడుచులకు క్యాను రెండు రూపాయలకే!" అని ప్రకటిస్తారు. చప్పట్లు మోగుతాయి. నెల ఆదాయం 6,000కు పడుతుంది, అందులోంచి ఆపరేటరు జీతం కూడా వెళ్ళదు. ముఖ్య అతిథి మైకు పట్టుకునే ముందు ఆయన చేతిలో ఈ లెక్క పెట్టడమే మీరు చేయగలిగిన అతి పెద్ద సేవ. ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు, పూలబొకే అడ్డం వస్తుంది.

రిజెక్టు నీళ్ళ మాట అతిథుల దగ్గర ఎత్తకండి. ఇంచుమించు ఎన్ని లీటర్ల మంచినీళ్ళు వస్తాయో అన్ని లీటర్ల ఉప్పునీళ్ళూ వస్తాయి. నల్గొండలాంటి ఫ్లోరైడ్ ప్రాంతంలో ఆ రిజెక్టులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడి ఉంటుంది. మన ప్లానులో దానికి గీసింది ఒక బాణం గుర్తు మాత్రమే, ఆ బాణం రోడ్డు పక్క కాలువలోకి చూపిస్తుంది. కాలువలోంచి భూమిలోకి, భూమిలోంచి మళ్ళీ మన బోరులోకి. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నల్గొండ పేరుతోనే ఇచ్చారు. ఇంట్లో చేసుకుంటే దానికి బకెట్టు చాలు, నీటినిబట్టి పటిక మోతాదు సరిచూసే మనిషి ఉండాలంతే. బకెట్టు ముందు జ్యోతి వెలిగిస్తే ఏం బాగుంటుంది చెప్పండి?

మన సంఘాల చరిత్రలో ఒక అపశ్రుతి ఉంది, దానితో కాస్త జాగ్రత్త. 1985లో రోటరీ పోలియో పనికి దిగింది. అధ్యక్షులు ఏడాదికొకరు మారినా పని మారలేదు. ప్రభుత్వం, డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్, అసలు బరువంతా మోసిన అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు కలిస్తే, దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న సర్టిఫికెట్ వచ్చింది. అందులో ఫొటోకు పనికొచ్చేది రెండు చుక్కలు వేసే క్షణమొక్కటే. మిగతాదంతా చాకిరీ. నాలుగు ఐసు ప్యాకుల మధ్య మందు సీసాలు పెట్టుకు తిరగడం, సీసా మీది గుండ్రంలో ఉన్న చదరం రంగు ముదిరితే ఆ సీసా పారేయడం, చుక్కలు వేసిన పిల్లాడి ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం. ఇంటి గోడ మీద సుద్దముక్కతో అందరికీ పడితే పీ, ఎవరైనా మిగిలితే ఎక్స్. ఆ ఎక్స్ ఇల్లుందే, దానికి మళ్ళీ వెళ్ళేవారు. పిల్లాడు అమ్మమ్మగారింటికి పోయాడంటే వచ్చాక వెళ్ళేవారు, తల్లి వద్దంటే ఆమె మాట వినే పెద్దమనిషిని తీసుకుని వెళ్ళేవారు. మళ్ళీ వెళ్ళడమనే ఈ దురలవాటు మిగతా ప్రాజెక్టులకు అంటుకోకుండా మనం నలభై ఏళ్ళుగా కాపాడుకొస్తున్నాం. ఇచ్చిన ప్లాంట్ల మీద, కుట్టుమిషన్ల మీద సుద్దముక్కతో పీ, ఎక్స్ రాసుకుంటూ పోతే అవార్డు దరఖాస్తు నింపేదెలా?

చివరగా మెంటరింగ్. దీనికి ఇసుక అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, కాబట్టి మే నెలలో టార్గెట్ మిగిలిపోతే ఇదే ఆదుకుంటుంది. ఎదిగినవాడు ఎదుగుతున్నవాడికి దారి చూపడం మంచి ఆలోచనే. 1992లో సిలికాన్ వ్యాలీలో దక్షిణాసియా పారిశ్రామికవేత్తలు 'టై' అనే సంఘం పెట్టుకున్నది అందుకే. పద్ధతిగా చేస్తే ఒకే మెంటరు, ఒకే శిష్యుడు, నెలకో గంట, కనీసం ఆరు నెలలు. మధ్యలో బల్ల మీద బ్యాంకు స్టేట్‌మెంటు, రావాల్సిన బిల్లుల జాబితా. మనం చేసేది వేరు. హోటల్ హాలు, 80 మంది కుర్రాళ్ళు, ఆరుగురు పెద్దలు, టేబులుకు పదిహేను నిమిషాలు. అందులో పన్నెండు నిమిషాలు పెద్దాయన జేబులో రెండొందలతో హైదరాబాదులో దిగిన వృత్తాంతానికే సరిపోతాయి. మిగిలిన మూడు నిమిషాల్లో బాలానగర్‌లో రెండు మిల్లింగ్ మెషీన్లు పెట్టుకుని జాబ్‌వర్క్ చేసే కుర్రాడు లేచి, "సార్, మూడు లక్షల బిల్లు అయిదు నెలలుగా రావట్లేదు" అంటాడు.

"చూడు బాబూ, వ్యాపారమన్నాక క్యాష్ ఫ్లో డిసిప్లిన్ ఉండాలి," అంటారు పెద్దాయన.

చెప్పాల్సింది వేరే ఉంది, అదీ మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేయించుకో, అది ఉచితం, సరుకు పంపకముందే చేయించుకో. 2006 ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. తీర్పు నీకు అనుకూలంగా వచ్చాక కొన్నవాడు కోర్టుకెక్కాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చెయ్యాలి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం గడువు దాటిన బిల్లును, కట్టేదాకా ఖర్చు కింద చూపించుకోవడానికి కూడా లేదు.

ఇంత ఆయుధం చేతిలో ఉన్నా కుర్రాడు ఫిర్యాదు చెయ్యడు. చేస్తే పాత బిల్లు వస్తుందేమో గానీ కొత్త ఆర్డరు రాదు. ఈ సెక్షన్ల మీద ఒక పూట క్లాసు పెడదామంటే వక్తలకు కొదవ లేదు, ఆడిటర్ సభ్యుడే చెబుతాడు. కాకపోతే ఆహ్వానితుల జాబితా చూడండి. ఆ కుర్రాళ్ళకు బాకీ ఉన్న కంపెనీల యజమానులు ముందు వరుసలో కూర్చుంటారు, అందులో ఇద్దరు ఆనాటి భోజనానికి స్పాన్సర్లు. అంచేత అంశం 'విజయానికి ఏడు మెట్లు' అని పెట్టి, కుర్రాళ్ళందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేయండి. లామినేషన్ చేసేవాడి బిల్లు మాత్రం వచ్చే అధ్యక్షుడి హయాంలో చూద్దామని చెప్పండి.