మొదటి డ్రాఫ్ట్ ఏఐ చేతిలో పెట్టొద్దు

ప్రకటనల ఏజెన్సీ అయినా, పత్రిక డెస్క్ అయినా, వీడియోలు తీసే చిన్న స్టూడియో అయినా, ఏఐ వాడాలా వద్దా అన్న వాదన దాదాపు ముగిసింది. మేనేజ్‌మెంట్ కొనివ్వని చోట ఉద్యోగులే తమ ఫోన్లలో వాడేస్తున్నారు. తేలాల్సింది వేరే ఉంది. బ్రీఫ్ (ఏం కావాలో క్లయింట్ రాసిచ్చే వివరం) చేతికొచ్చిన దగ్గర్నుంచి పని క్లయింట్‌కి వెళ్లేదాకా ఎన్నో దశలుంటాయి కదా, వాటిలో ఏఐని ఎక్కడ కూర్చోబెట్టాలి? చాలా టీములు ఈ ప్రశ్న వేసుకోకుండానే జవాబిచ్చేశాయి. బ్రీఫ్ రాగానే దాన్ని చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి, ఇరవై ఐడియాలు అడిగి, వచ్చిన వాటిలోంచి ఏరుకుంటున్నాయి. అంటే మొట్టమొదటి కుర్చీ ఏఐకే వేశారన్నమాట.

ఇలా ఎందుకు జరిగిందో ఊహించడం కష్టమేమీ కాదు. ఖాళీ పేజీ అంటే ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా టెన్షనే. ఏఐ ప్రతాపం కొట్టొచ్చినట్టు కనిపించేదీ అక్కడే. అడిగిన అర నిమిషంలో పేజీ నిండిపోతే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ దాన్ని పెట్టకూడని చోటంటూ ఒకటి ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం.

ముందు ఒక నమూనా చూపించి ఆ తర్వాత ఆలోచించమంటే, మన బుర్ర ఆ నమూనా చుట్టూనే తిరుగుతుంది. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి 'డిజైన్ ఫిక్సేషన్' అని పేరు పెట్టారు. వాళ్ల ప్రయోగాల్లో ఒకటి ఒలకని కాఫీ కప్పు తయారు చేయమనడం. కొందరికి ఉత్త ప్రశ్న మాత్రమే ఇచ్చారు. కొందరికి ఉదాహరణగా ఒక బొమ్మ కూడా చూపించారు, ఆ బొమ్మలో స్ట్రా ఉంది. స్ట్రా వాడకూడదని సూచనల్లో రాసే ఉంది. అయినా బొమ్మ చూసినవాళ్ల డిజైన్లలో స్ట్రాలు వచ్చిపడ్డాయి. వద్దని చెప్పినా వదలనంత గట్టిగా పట్టుకుంటుంది మొదట చూసిన బొమ్మ.

ఏఐ ఇచ్చే ఇరవై ఐడియాలూ అలాంటి బొమ్మలే. 2024లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏఐ ఇమేజ్ జనరేటర్‌తో ఇదే విషయాన్ని పరీక్షించి చూశారు. దాని సాయంతో ఆలోచించినవాళ్లకు, సాయం లేకుండా ఆలోచించినవాళ్ల కంటే తక్కువ ఐడియాలు వచ్చాయి. ఆ వచ్చినవాటిలో వైవిధ్యమూ తక్కువే, కొత్తదనమూ తక్కువే. ముందుగా చూపించిన ఉదాహరణకే ఎక్కువగా అతుక్కుపోయారు.

అదే ఏడాది జులైలో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో అనిల్ దోషి, ఆలివర్ హౌజర్ ప్రచురించిన అధ్యయనం టీములు నడిపేవాళ్లు చదివి తీరాల్సింది. దాదాపు 300 మంది చేత ఎనిమిదేసి వాక్యాల చిన్న కథలు రాయించారు. కొందరు పూర్తిగా సొంతంగా రాశారు. కొందరు ఏఐ నుంచి ఒక ఐడియా తీసుకోవచ్చు, ఇంకొందరు ఐదు దాకా తీసుకోవచ్చు. ఆ కథలకు వేరేవాళ్లు మార్కులేశారు. ఏఐ ఐడియాలు తీసుకున్న కథలకు మంచి మార్కులే వచ్చాయి. సహజంగా అంత సృజన లేనివాళ్లకు బాగా లాభించింది, మొదట్నుంచీ బాగా రాయగలిగినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. ఇక్కడిదాకా శుభవార్తే. అయితే ఏఐ సాయంతో వచ్చిన కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానికొకటి ఎక్కువగా పోలి ఉన్నాయి.

ఒంటరిగా పనిచేసే రచయితకు ఈ రెండో సంగతితో పెద్దగా పని లేదు. తన కథ బాగుపడితే చాలు, పక్కవాడి కథ ఎలా ఉంటే ఏం. టీముకు మాత్రం మొదటికే మోసం. ఒక పనికి ఐదుగురిని పెట్టుకునేది ఐదు రకాలుగా ఆలోచిస్తారనే కదా! ఆ ఐదుగురూ ఒకే బ్రీఫ్‌ను ఒకే టూల్‌లో పెట్టి అడిగితే, ఎవరి మటుకు వాళ్లకు పని బాగానే వచ్చినట్టుంటుంది. తేడా తెలిసేది రివ్యూ మీటింగులోనే. తెర మీద నలభై ఆప్షన్లు వరసగా పోతుంటాయి. ఏఐ బొమ్మల్లో చేతికి ఆరు వేళ్లు రావడం లాంటి పాత తప్పులు ఇప్పుడు పెద్దగా కనిపించవు, అన్నీ శుభ్రంగానే ఉంటాయి. ఎడమవైపు నుంచి పడే అదే బంగారు రంగు వెలుతురు, కెమెరా వైపు కాకుండా దూరంగా చూసే అదే మనిషి, 'ఇది కేవలం ఫోన్ కాదు, ఒక అనుభూతి' అనే ధోరణిలో అదే హెడ్‌లైన్. క్రియేటివ్ డైరెక్టర్ దేన్నీ బాగాలేదనలేడు, దేన్నీ బాగుందనీ అనలేడు. పన్నెండోది, ముప్పయ్యోది కలిపి చూద్దామంటాడు. మీటింగ్ రేపటికి వాయిదా పడుతుంది.

ఏఐ లేని కాలంలోనూ టీములు ఇలాంటి పొరపాటే చేసేవి. అందరూ ఒక గదిలో కూర్చుని నోటికొచ్చింది చెబితే ఐడియాలు పుట్టుకొస్తాయని నమ్మేవి. నలుగురు కలిసి కూర్చున్నప్పటి కంటే, ఆ నలుగురూ విడివిడిగా ఆలోచించి చివర్లో కలుపుకుంటే ఎక్కువ ఐడియాలు వస్తాయని 1958లోనే యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఈలోపు మొదట మాట్లాడినవాడి ఐడియా అందరి బుర్రల్లోకీ ఎక్కేస్తుంది. ఇప్పుడు ఏఐకి మొదటి మాట ఇవ్వడమంటే, ఆ గదిలో అందరికంటే గట్టిగా, అందరికంటే ముందుగా, ఆగకుండా మాట్లాడేవాణ్ని కూర్చోబెట్టడమే.

కాబట్టి నేను చెప్పే వరస ఇది. బ్రీఫ్ వచ్చాక ముందు ఎవరికి వారు, టూల్ తెరవకుండా, కాగితం మీద ఏదో ఒకటి గీయాలి లేదా రాయాలి. అది చెత్తగా ఉన్నా పర్వాలేదు. తర్వాత అవన్నీ ఒకచోట పెట్టి మాట్లాడుకోవాలి. ఏఐ రావాల్సింది ఆ తర్వాతే, అదీ 'కొత్తవి చెప్పు' అని కాదు, 'వీటిలో లోపాలు చెప్పు, క్లయింట్ ఏ అభ్యంతరం పెట్టొచ్చో చెప్పు, ఇలాంటిది ఇదివరకే ఎవరైనా చేశారా వెతుకు' అని అడగడానికి. ఈ పనికి అది బాగా పనికొస్తుంది. మొహమాటం లేకుండా విమర్శించేవాళ్లు ఏ టీములోనైనా అరుదే కదా. కాకపోతే అడిగే తీరు చూసుకోవాలి. 'ఎలా ఉంది' అంటే ఏఐ కూడా పొగడ్తలు మొదలుపెడుతుంది.

ఐడియా ఖాయమయ్యాక వచ్చే చాకిరీలో చాలా భాగం నిస్సంకోచంగా ఏఐకి అప్పగించొచ్చు. ఇంటర్వ్యూ ఆడియోను అక్షరాల్లోకి మార్చడం, సబ్‌టైటిళ్ల తొలి ప్రతి, ఫొటోలో వెనక ఉన్న కరెంటు తీగలు తీసేయడం, ఒకే ప్రకటనను రకరకాల సైజుల్లోకి సర్దడం, గంటల తరబడి ఫుటేజ్‌లో ఒక్క షాట్ వెతకడం. వీటి కోసం రాత్రిళ్లు మేల్కొన్నవాళ్లెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు.

వేగం విషయంలో వచ్చిన లెక్కలూ అబద్ధం కాదు. 2023లో 'సైన్స్' పత్రికలో నోయ్, జాంగ్ ప్రచురించిన ప్రయోగంలో, చాట్‌జీపీటీ వాడిన ఉద్యోగులు రాతపనులను సుమారు 40 శాతం తక్కువ సమయంలో ముగించారు, నాణ్యతకు 18 శాతం ఎక్కువ మార్కులు పడ్డాయి. మేనేజర్లు ఎక్కడ చూసినా చూపించేది ఈ తరహా అంకెలనే. అదే ఏడాది బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో 758 మంది మీద జరిగిన అధ్యయనంలో రెండు రకాల ఫలితాలున్నాయి. ఏఐకి చేతనైన పనుల్లో జనం వేగంగా, మెరుగ్గా చేశారు. దానికి చేతకాని పనిని కావాలనే ఒకటి ఇచ్చినప్పుడు మాత్రం, ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చెప్పే అవకాశం వాడనివాళ్ల కంటే 19 శాతం పాయింట్లు తక్కువగా ఉంది. చిక్కేమిటంటే, మన ముందున్న పని ఆ రెండింటిలో ఏ రకమో బయటికి చూస్తే తెలియదు. రెండింటికీ ఏఐ ఒకే ధీమాతో జవాబిస్తుంది.

తయారీలో మిగిలిన ఆ 40 శాతం సమయం ఎటు పోతోందన్నది అసలు ప్రశ్న. చాలావరకు అది చూసేవాళ్ల నెత్తిన పడుతోంది. ఇదివరకు జూనియర్ మూడు హెడ్‌లైన్లు తెస్తే, ఆ మూడూ వాడే ఒకసారి వడపోసి తెచ్చినవి. ఇప్పుడు ముప్పై వస్తున్నాయి, వడపోత ఎవరూ చేయలేదు. క్లయింట్ మార్పులు అడిగినప్పుడు ఇంకో తంటా. డిజైనర్ చేత్తో చేసిన ఫైల్‌లో లేయర్లుంటాయి, 'చొక్కా రంగు మార్చండి' అంటే ఆ ఒక్క లేయర్ మారిస్తే సరి. జనరేట్ చేసిన బొమ్మ మామూలుగా ఒకే పలక. చొక్కా రంగు మార్చమంటే చెవి ఆకారం కూడా మారిపోయిన వెర్షన్ ఇస్తుంది. కొత్త టూల్స్ ఇందులో చాలా మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. కానీ మూడో రౌండ్, నాలుగో రౌండ్ మార్పులకు వచ్చేసరికి మొదటి బొమ్మలోని మనిషీ ఇప్పటి మనిషీ ఒకరేనా అని పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది. ఆ చూసే పని ఎవరిదో షెడ్యూల్‌లో రాసి ఉండదు.

రాసి లేకపోతే ఏమవుతుందో 2025 మేలో చికాగో సన్-టైమ్స్ పాఠకులు చూశారు. ఆ పత్రికతో వచ్చిన అనుబంధంలో వేసవిలో చదవాల్సిన పుస్తకాలంటూ 15 పేర్లు అచ్చయ్యాయి. రచయితలు నిజమైనవాళ్లే, 10 పుస్తకాలు మాత్రం ఈ భూమ్మీద లేవు. ఒక ఫ్రీలాన్సర్ ఏఐతో తయారు చేసి సరిచూడకుండా పంపారు, ఫీచర్లు సరఫరా చేసే సంస్థ దాన్ని ముందుకు తోసింది, పత్రిక అచ్చేసింది. ఏ టేబుల్ దగ్గర ఆగినా ఒక్క సెర్చ్‌తో బయటపడే తప్పు. వెనక టేబుల్ వాళ్లు చూసే ఉంటారని ప్రతివాళ్లూ అనుకున్నట్టుంది. అంతకు రెండేళ్ల ముందే సీనెట్ వెబ్‌సైట్ ఏఐతో రాయించిన 77 వ్యాసాలను మళ్లీ పరిశీలిస్తే, 41 వ్యాసాలకు సవరణలు ఇవ్వాల్సి వచ్చింది. అవి మనుషులు ఎడిట్ చేశారని ఆ సైట్ చెప్పుకున్న వ్యాసాలే. ఏఐ రాతలో తప్పు వెతకడం మనిషి రాతలో వెతకడం కంటే కష్టం. తెలియని విషయం రాసేటప్పుడు మనిషి వాక్యం ఎక్కడో తడబడుతుంది, ఎడిటర్ కన్ను అక్కడ ఆగుతుంది. ఏఐ వాక్యం ఎక్కడా తడబడదు.

అందుకే 2023 హాలీవుడ్ రచయితల సమ్మె నుంచి టీములు నేర్చుకోవాల్సిన అంశం ఒకటుందంటాను. ఆ సమ్మె 148 రోజులు సాగింది. ఒప్పందంలో ఏఐని రచయితగా గుర్తించకూడదనీ, ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టకూడదనీ షరతులొచ్చాయి, వార్తల్లో అందరూ వాటి గురించే మాట్లాడారు. నాకు వాటికంటే ముఖ్యమనిపించిన షరతు ఇంకొకటి ఉంది. రచయిత చేతికి ఇచ్చే మెటీరియల్‌లో ఏఐతో తయారైనది ఏదైనా ఉంటే కంపెనీ ఆ సంగతి చెప్పి తీరాలి. యూనియన్ ఉన్నా లేకున్నా, ముగ్గురే ఉన్న టీమైనా పాటించదగ్గ నియమం ఇది. ఫైల్ పక్కటేబుల్‌కి పంపేటప్పుడు 'రెండో పేరా ఏఐది, అంకెలు చూడలేదు' అని ఒక ముక్క రాస్తే చాలు. అవతలివాళ్లకు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. చాలా చోట్ల ఇది జరగకపోవడానికి కారణం సిగ్గు. ఏఐ వాడానని చెబితే పని తెలియనివాళ్లలా కనిపిస్తామన్న భయం. ఆ భయం పోగొట్టాల్సింది పైవాళ్లే, అదీ తాము వాడినప్పుడు ముందుగా తామే చెప్పడం ద్వారా.

హక్కుల సంగతి చూసినా మొదటి డ్రాఫ్ట్ మనిషిదై ఉండటమే మంచిది. అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2023లో ఒక కామిక్ పుస్తకం విషయంలో, రచయిత రాసిన మాటలకూ బొమ్మల కూర్పుకూ రక్షణ ఇచ్చి, మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్ ఇచ్చిన బొమ్మలకు మాత్రం ఇవ్వలేదు. ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే సూచన) రాసినంత మాత్రాన రచయిత అయిపోరని 2025 జనవరి నివేదికలో మళ్లీ చెప్పింది. క్లయింట్‌కి లోగో అమ్మి, రేపు దాన్ని ఎవరైనా కాపీ కొడితే అడిగే హక్కు లేదని తేలితే ఆ నష్టం ఎవరు భరిస్తారు? కాగితం మీది తొలి గీతలు, మధ్య వెర్షన్లు దాచుకున్న టీము దగ్గర కనీసం చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇక జూనియర్లు. ఇరవై హెడ్‌లైన్లు రాసి పంతొమ్మిది తిట్టించుకోవడంలోనే ఈ వృత్తిలో కన్ను కుదురుతుంది. ఆ ఇరవై ఇప్పుడు ఏఐ రాస్తోంది కాబట్టి జూనియర్ అక్కర్లేదని లెక్కలేస్తున్న కంపెనీలు, ఆ ఇరవైలో మంచిది ఏదో చెప్పగల సీనియర్‌ని పదేళ్ల తర్వాత ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాయో నాకైతే తెలియడం లేదు. పక్క కంపెనీ నుంచి లాక్కుందామంటే వాళ్లూ ఇదే లెక్క వేసి ఉంటారు. తొలి డ్రాఫ్ట్ జూనియర్‌కిచ్చి, తర్వాత ఏఐ ఇచ్చినవాటితో పోల్చి, ఏది ఎందుకు కొట్టేయాలో వాళ్ల చేతే రాయిస్తే శిక్షణా అవుతుంది, రివ్యూ మీటింగుకు వచ్చేసరికి వడపోతా అయి ఉంటుంది.

దీనికంతా గంటలు కావాలి, ఎస్టిమేట్ షీట్లలో మాత్రం ఆ గంటలు కనిపించవు. 'ఐడియా', 'డిజైన్', 'కాపీ' (అంటే ప్రకటనలోని రాత) అన్న గళ్లలో గంటలు కోసేశారు గానీ, ఎంపికకూ సరిచూడటానికీ కొత్త గడి ఎవరూ చేర్చలేదు. క్లయింట్లు కూడా 'ఏఐ వాడుతున్నారుగా, రేటు తగ్గించండి' అంటున్నారు. వాళ్లకు చూపించడానికైనా ఆ గడి ఉండాలి. నలభై ఆప్షన్లలోంచి ఒకటి ఏరి, దానిలోని ప్రతి అంకె, ప్రతి పేరు, ప్రతి చెవి సరిగ్గా ఉందని సంతకం పెట్టేవాళ్లు ఎవరు, వాళ్లకు ఎన్ని గంటలు ఇచ్చారు అన్నవి అందులో ఉండాలి. ఆ లెక్క తేలకముందే మనుషుల్ని తగ్గించిన టీముల్లో ఆ పని డెడ్‌లైన్ ముందు రాత్రి, అప్పటికే అలసిపోయి ఆఫీసులో మిగిలి ఉన్న ఒక్కరి మీద పడుతుంది.