ఊక బొగ్గు ఇక మానండి, రెసిన్ కాల్చండి

ప్లాస్టిక్ బకెట్ నిప్పులో పడితే కరిగి కారిపోతుంది. కుక్కర్ పిడి కరగదు, ఉన్నచోటే మాడి బొగ్గవుతుంది. ఆ పిడి బేకలైట్. ఫీనాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసే ఈ రెసిన్‌లో అణువులు అన్ని వైపులా ముడిపడి ఉంటాయి. అలాంటి రెసిన్‌ని గాలి తగలకుండా 800 డిగ్రీల దగ్గర కాలిస్తే బరువులో దాదాపు సగం కార్బన్‌గా మిగులుతుంది. సూపర్ కెపాసిటర్ అంటే ఇలాంటి కార్బన్ పొడి ఉపరితలం మీద చార్జిని నిల్వచేసి, క్షణాల్లో ఇచ్చే పరికరం. దాని విషయంలో మన దేశం పట్టుకోవలసింది ఈ దారినే అని నా వాదన.

ఈ కార్బన్ కోసం మన దగ్గర వార్తలయ్యే ముడిసరుకులు వేరే. వరి ఊక, వేరుశనగ పొట్టు, జనపకట్టె: ప్రతిసారీ 'వ్యర్థం నుంచి విద్యుత్తు' అని శీర్షిక. హైదరాబాద్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు మిల్లుల పత్తి వ్యర్థంతో ఎలక్ట్రోడ్లు చేసి చూపారు. మంచి పనే. కొబ్బరి చిప్ప బొగ్గు చవక, మార్కెట్లో ఇవాళ ఎక్కువగా నడిచేది అదే, పైగా రైతుకు నాలుగు రూపాయలొస్తాయి అనే మాటా నిజమే. కానీ ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే. నేల మారితే పంట మారుతుంది, పంట మారితే బొగ్గు మారుతుంది. లేశమంత ఇనుము మిగిలినా నిల్వ చేసిన చార్జి నెమ్మదిగా కారిపోతుంది.

అసలు విషయం కార్బన్‌లోని కంటికి కనబడని రంధ్రాలది. మంచి కార్బన్ ఒక్క గ్రాములో అర ఎకరం దాకా ఉపరితలం ఉంటుంది. అయితే విస్తీర్ణం ఒక్కటే చాలదని 2006లో తేలింది. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో యూరీ గొగోట్సీ బృందం, ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలతో కలిసి, రంధ్రం ఒక నానోమీటరు కన్నా సన్నబడితే చార్జి తగ్గకపోగా పెరుగుతుందని చూపింది. చార్జిని మోసే కణాలు, అంటే అయాన్లు, తమ చుట్టూ ఉన్న ద్రావణి పొరను విడిచి లోపలికి దూరుతున్నాయి! అంటే రంధ్రం కొలత మన చేతిలో ఉండాలి. చిప్ప ఆ అవకాశం పెద్దగా ఇవ్వదు, రెసిన్ ఇస్తుంది. సబ్బులా గుంపుకట్టే మరో పాలిమర్‌ని రెసిన్‌లో కలిపి కాలిస్తే అది ఆవిరైపోతుంది. అది ఉన్న చోటల్లా ఒకే కొలత ఖాళీలు మిగులుతాయి. అవి అయాన్లకు దారులు. ఆ తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్‌తో తొలిస్తే అయాన్లు నిలిచే ఇళ్లలాంటి సన్న రంధ్రాలు ఏర్పడతాయి. షాంఘైలోని ఫుదాన్ యూనివర్సిటీకి చెందిన జావో డోంగ్‌యువాన్ బృందానికి ఈ తరహా పాలిమర్, కార్బన్ పదార్థాల పనికే చైనా 2020 సంవత్సరపు జాతీయ ప్రకృతి విజ్ఞాన ప్రథమ పురస్కారం ఇచ్చింది.

మన రోగం వేరే చోట ఉంది. మనం గ్రాముల్లో పరిశోధించి, పేపర్లలో లెక్కపెట్టుకుంటాం. 2021లో బ్యాటరీ సెల్స్‌కు రూ.18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించారు. కన్నూర్‌లో కేరళ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కెల్ట్రాన్ 2024లో సూపర్ కెపాసిటర్ల ప్లాంటు తెరిచింది. ఆ కెపాసిటర్ లోపలి నల్లటి కార్బన్ పొడి గురించి మాట్లాడేవారేరీ? ఫీనాల్ గుజరాత్‌లోని దహేజ్‌లో, కొచ్చిలో తయారవుతోంది. ఫీనాలిక్ రెసిన్ ప్లైవుడ్‌కే మనం టన్నులకొద్దీ వాడుతున్నాం. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో పాలిమర్లు తెలిసినవాళ్లున్నారు, బాలాపూర్ ఏఆర్‌సీఐలో ఎలక్ట్రోడ్లు తెలిసినవాళ్లున్నారు. ఈ రెండింటి మధ్య వారానికి వంద కిలోలు కాల్చే ఫర్నేస్ ఒకటి పెట్టి, ఏడాదిపాటు ఒకే గ్రేడ్ పొడి తేడా రాకుండా తీయమని అడగాలి. మొదటి బస్తా కన్నూర్‌కు పంపాలి.