నిప్పుకీ మిర్చికీ తేడా తెలియని మహానుభావా!

మహారాజశ్రీ టీఆర్‌పీవీ1 గారికి,

గుంటూరు వాసి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నాలుకలు తప్ప.

తమరు వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్. చర్మంలో, నోట్లో, కంటిలో, నొప్పిని మోసే నరాల చివర తమరి కాపురం. ఉద్యోగం చిన్నదే. తగిలిన వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే తలుపు తెరవాలి, కాల్షియం అయాన్లను లోపలికి వదలాలి, ‘కాలుతోంది’ అని మెదడుకి కబురు వెళ్ళేలా చూడాలి. బాగుంది. మరి మిరపకాయలో మంట పుట్టించే పదార్థం కాప్సైసిన్ వచ్చినా అదే తలుపు తెరిచి అదే కబురు పంపుతారేమండీ? కబురు ఎవరి తాలూకుదో రాసుకోవడానికి తమ రిజిస్టర్లో ఒక్క కాలమ్ అయినా లేదా?

మొన్న బజ్జీలకని మా అక్క లావు మిరపకాయలు చీల్చింది. మంటంతా గింజల్లో ఉందనుకుని వాటిని గోటితో గీకి పారేసింది. అసలు ఘాటు గింజలు అంటుకునుండే ఆ తెల్లటి కండలో ఉంటుంది, గోళ్ళ సందుల్లోకి పోయింది అదే. అరచేతి తోలు మందం కాబట్టి అప్పటికి తమరు నిద్ర లేవలేదు. పక్క వేసే వేళకి వేళ్ళు భగభగమన్నాయి. పట్టుకుని చూస్తే చెయ్యి చల్లగానే ఉంది! కుళాయి కింద ఎంతసేపు పెట్టినా తగ్గదు, కాప్సైసిన్ నీళ్ళకి లొంగే సరుకు కాదు. కెమిస్ట్రీ చదవని మా అమ్మమ్మ నూనె రాసి, తుడిచి, సబ్బుతో కడిగించింది. ఈలోగా అక్క కన్ను నలుపుకుంది. అక్కడ తోలు గోడ అడ్డం లేదు కదా, తమ స్పందన మెరుపు వేగం!

పోనీ ఆ 43 మీదైనా నిలబడతారా? బజ్జీ తిన్న నోట్లో రోజూ తాగే టీ పోస్తే నిప్పులు పోసినట్టు గగ్గోలు పెడతారు. కాప్సైసిన్ ఉన్నంతసేపు తమకి మామూలు వేడి కూడా ప్రమాదమే. పిట్టలకి మాత్రం మినహాయింపు. పక్షుల్లో ఉండే తమ బంధువు కాప్సైసిన్‌ని పట్టించుకోడు. అవి పండుమిరపకాయలు హాయిగా తిని, గింజల్ని ఊరూరా జల్లుకుంటూ పోతాయి. పక్షులకో రూలు, మాకో రూలు!

1997లో అమెరికాలో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం తమ ఆచూకీ కనిపెట్టింది. పట్టించింది మిరపకాయే. నరాల జన్యువుల్ని మామూలు కణాల్లో పెట్టి, కాప్సైసిన్‌కి ఏది ఉలిక్కిపడుతుందో చూశారు. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది, స్పర్శ సంగతి తేల్చిన పటపూటియన్‌తో కలిపి. మా మిర్చి యార్డుకి శాలువా అయినా కప్పలేదు.

ఇంకో అన్యాయం. ఉగాది పచ్చడిలో ఆరు రుచులని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. కారం అసలు రుచే కాదట, తమరు పంపే నొప్పి కబురట! అంటే గోంగూరలో కొరివికారం కలుపుకుని ‘ఆహా’ అన్నప్పుడల్లా మేం మెచ్చుకుంటున్నది కాలిన బాధనన్నమాట. సరే, మెచ్చుకుంటాం. తమరి పొరపాటు మీదే మా ఊరు బతుకుతోంది, దాన్ని సరిదిద్దుకోవద్దని మా మనవి. నిప్పుకీ మిర్చికీ తేడా తెలిసిన రోజున యార్డులో బస్తా కొనే నాథుడుండడు.

కళ్ళ దగ్గర డ్యూటీ చేసేవారిని మాత్రం బజ్జీలు వేసే పూట సెలవు మీద పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గుంటూరు కారం బాధితుడు

నకలు: పక్క సీటులో చల్లదనాన్ని పసిగట్టే ప్రోటీన్ టీఆర్‌పీఎం8 గారికి. చర్మం సుమారు 26 డిగ్రీల కిందికి చల్లబడితే గానీ కదలని తమరికి బెజవాడలో మే నెలంతా పని ఉండదని తెలుసు. పిప్పరమెంటు తగిలినా ‘చలి, చలి’ అని కబురు పంపే అలవాటు తమకి ఉందట కాబట్టి, ఆ నెలకి అక్కడ మా పిన్ని వాళ్ళింట్లో ఓవర్‌టైం చేయగలరని ప్రార్థన.