సవరణ: లోలకం లెక్కలో నా తప్పు

మా ఫిజిక్స్ సార్‌ని గుర్తు చేసుకుంటూ మొన్న రాసినదాంట్లో ఒక పొరపాటు దొర్లింది. మీటరు పొడవున్న లోలకం (దారానికి వేలాడుతూ ఊగే గుండు) సెకనులో ఒక డోలనం పూర్తి చేస్తుందని రాశాను. తప్పు. ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికే దాదాపు ఒక సెకను పడుతుంది. వెళ్లి తిరిగొస్తేనే ఒక డోలనం, అంటే సుమారు 2 సెకన్లు. సార్ చూసుంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు, నవ్వుతూనే.

ఇంకోటి. ఒక డోలనానికి పట్టే సమయం కొలిచేటప్పుడు సార్ 20 డోలనాలు లెక్కపెట్టించింది మాకు ఓపిక నేర్పడానికని రాశాను. అదీ నా కల్పనే. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు మన చెయ్యి చేసే ఆలస్యం 20 డోలనాలకూ పంచుకుపోయి, ఒక్కోదానికి వచ్చే తప్పు ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. అసలు కారణం అది. వాచ్ నొక్కగానే మేం "ఒకటి" అనేవాళ్లం. సార్ వేలు అడ్డం పెట్టి గుండుని ఆపేసి, "సున్నా అను. ఇంకా ఒక్కటీ పూర్తి కాలేదుగా!" అనేవారు. ఆ మాట ఎలా మర్చిపోయానో!

లోలకం పొడవుని గుండు మధ్య వరకు కొలవాలన్నది మాత్రం సరిగ్గానే రాశాను. తప్పు వాక్యాలు రెండూ పాత పోస్టులో మార్చేశాను.